పసుపు గీత చదివేవాళ్లు

ముందు ఆమ్లం పోయాలి. పాలు తర్వాత. ఈ వరస తప్పితే ఆ పూట పరీక్ష వృథా. గాజుబుడ్డిలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం పడ్డాక, పిపెట్టుతో 10.75 మిల్లీలీటర్ల పాలు తీసి బుడ్డి గోడ వెంబడి మెల్లగా జారనివ్వాలి. ఆమ్లం మీద పాలు తెల్లటి పొరలా నిలబడాలే తప్ప కలవకూడదు. గబుక్కున పోస్తే పాలు అక్కడికక్కడే మాడి నల్లటి తునకలు కడతాయి. ఆ పైన ఒక మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు. రబ్బరు బిరడా బిగించి, బుడ్డిని గుడ్డలో చుట్టి, తలకిందులు చేస్తూ ఊపితే లోపలి సరుకు ఒక్కసారిగా వేడెక్కి ముదురు కాఫీ రంగుకు తిరుగుతుంది. గుడ్డ చుట్టేది చెయ్యి కాలకుండా. తర్వాత గిర్రున తిప్పే యంత్రంలో నాలుగైదు నిమిషాలు, 65 డిగ్రీల వేణ్ణీళ్లలో కాసేపు. బయటికి తీసి కంటికి సూటిగా పట్టుకుంటే, గీతలు చెక్కిన సన్నటి గాజు మెడలో, నల్లటి ద్రవం మీద పసుపుపచ్చటి గీత ఒకటి తేలి ఉంటుంది. ఆ పూట ఆ ఇంటి పాలలో ఉన్న వెన్న అదే.

స్విట్జర్లాండ్‌కు చెందిన నిక్లౌస్ గెర్బర్ 1890ల మొదట్లో కనిపెట్టిన పద్ధతి ఇది. నేను దీన్ని దగ్గరగా చూసింది ముళబాగిలు దారిలోని ఒక పల్లెలో, పాల డైరీ గదిలో. కర్ణాటకలోని మా కోలారు జిల్లా వైపు డైరీ అంటే పెద్ద కర్మాగారం కాదు, ఊరి పాల సంఘం. ఒక గది, ఒక అరుగు, గోడకు ధరల పట్టిక, మూలన క్యాన్లు. బోర్డు కన్నడంలో ఉంటుంది, మాట తెలుగులో సాగుతుంది. అక్కడ టెస్టరుగా చేసి మానుకున్న పెద్దాయన, మిషను వచ్చాక అటక ఎక్కిన పాత సామాను దించి, నాకోసం ఒకసారి చేసి చూపించాడు. గీత చదివేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టాడు.

"పైన వంపు ఉంది చూడప్పా. ఆ వంపు కడుపును చదవాల. కొనల్ని చదివితే ఫ్యాటు ఎక్కువ పడతాది, సంఘం మునిగిపోతాది. మరీ కిందికి చదివితే ఇంటామె మునిగిపోతాది."

ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య పదోవంతు శాతం. ఆ పదోవంతు మీద ఒక ఇంటి వారం బటవాడాలో కొన్ని రూపాయలు అటో ఇటో అవుతాయి. ఆయన రోజుకు రెండు పూటలు, పూటకు ఊళ్లోని బుడ్లన్నీ, ఏళ్ల తరబడి అలా కంటికెత్తి చూశాడు. సన్నటి వంపు కడుపును వెతికి వెతికి ఆ కళ్ల చుట్టూ ముడతలు పడ్డాయని నాకు అనిపించింది.

కోలారును పట్టు, పాలు, బంగారం ఉన్న సీమ అంటారు. బంగారం ముచ్చట 2001 ఫిబ్రవరి 28న కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) గనులు మూతపడటంతో ముగిసింది. చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతు నుంచి రాయి పైకి తెచ్చిన రోజుల్లో కూడా అసలు ప్రశ్న ఈ డైరీ గదిలో అడిగేదే: ఇంత సరుకులో విలువైనది ఎంత? ఒక టన్ను రాయిలో ఎన్ని గ్రాముల బంగారం ఉందో తేల్చడానికి పొడి చేసిన గుప్పెడు రాయి చాలు. చివరి కాలానికి ఆ జవాబు టన్నుకు మూడు గ్రాముల దగ్గరికి దిగజారిందని చెబుతారు. గుప్పెడును చూసి కొండను చదవడం కేజీఎఫ్‌కు తెలిసిన విద్య. పది మిల్లీలీటర్లను చూసి క్యాను చదవడం దాని చుట్టుపక్కల పల్లెలకు తెలిసిన విద్య. తేడా ఒకటి ఉంది. గని అంకె కంపెనీ పుస్తకాల్లోకి పోయేది. పాల అంకె మాత్రం ఆ పాలు పితికిన మనిషి కళ్లెదుట పుడుతుంది.

ఈ తేడాయే ఈ వ్యాసానికి కారణం. ఆహారం పొలం నుంచి పళ్లెం దాకా వచ్చే దారిలో సమాచారం ఎందుకు తెగిపోతుందన్న మాట ఇప్పుడు ప్రపంచమంతా నలుగుతోంది. ఏ పొలంలో పండింది, ఏ మందు కొట్టారు, ఏ నీళ్లు తాగింది, ఎవరికెంత ముట్టింది అన్నవి తెలియకుండా 'సుస్థిరం' అన్న మాటకు విలువ లేదు. ఆ సమాచారం చేతులు మారేటప్పుడు ఏమవుతుందో చూడాలంటే, చేతులు మారినా చెడకుండా నిలిచిన చోటును ముందు చూడాలి. నాకు తెలిసినంతలో మా జిల్లాలో అలాంటి చోటు పాల డైరీ.

పొద్దున ఆరున్నరకు వరస మొదలవుతుంది. ఎక్కువమంది ఆడవాళ్లే. స్టీలు క్యాన్లు, మూత చుట్టూ తడిగుడ్డ. వరసలో మాటలు కూడా పాల గురించే.

"ఏమ్మా, ఈ పొద్దు తక్కువ తెచ్చినావే?"

"చూడిది కదన్నా, ఒట్టిపోతాంది."

సంఘం సెక్రెట్రీ మూత తీయగానే ముందు ముక్కు పని చేస్తుంది, తర్వాతే మిషను. పాలు కొలిచి, చిన్న గరిటెతో కలియబెట్టి, నమూనా తీస్తాడు. కలియబెట్టడం ముఖ్యం. కాసేపు నిలిచిన పాలలో వెన్న పైకి చేరుతుంది, పైపైన తీస్తే ఒక అంకె, అడుగున తీస్తే ఇంకో అంకె. ఈ నమూనా పాలు ఎవరివి, పరీక్ష అయ్యాక ఎవరికి చెందాలి అన్న తగాదా ఏ ఊరి డైరీకి పోయినా వినిపిస్తుంది. అది చిన్న తగాదా కాదు, ఏడాది పొడవునా పూటకో గరిటె అంటే లెక్క వేసుకోండి.

ఫ్యాటు ఒక కొలత అయితే రెండోది 'డిగ్రీ'. లాక్టోమీటరు పాలలో వదిలితే ఎంతవరకు మునిగిందో చూసి పాల సాంద్రత చెప్పేది. నీళ్లు కలిపితే మునుగుతుంది, డిగ్రీ పడిపోతుంది. ఇది అందరికీ తెలుసు. అందరికీ తెలియనిది, పెద్దాయన నాకు చెప్పినది ఇంకొకటి ఉంది. పొదుగు నుంచి అప్పుడే దిగిన పాలు డిగ్రీ తక్కువ చూపిస్తాయి. కొన్ని గంటలు పోతే అవే పాలు, చుక్క నీరు కలపకుండా, తీయకుండా, కొంచెం ఎక్కువ చూపిస్తాయి. శాస్త్రజ్ఞులు దీన్ని రెక్‌నాగెల్ ప్రభావం అంటారు. ఆయనకు ఆ పేరు తెలియదు. "డైరీ పక్కింటామె పాలకూ, చేను దగ్గర నుంచి నడిచొచ్చే ఆమె పాలకూ ఒకే కన్ను పెట్టకూడదు" అని మాత్రం తెలుసు. వెచ్చటి పాలు తెచ్చిన మనిషిని నీళ్ల దొంగ అనేయకుండా ఆపింది ఆ తెలివే. నా లెక్కలో ఇది పనితనానికి పరాకాష్ఠ. కొలత ఎప్పుడు అబద్ధమాడుతుందో తెలిసినవాడే కొలత తెలిసినవాడు.

ఈ రెండు అంకెలనూ కలిపితే మూడోది వస్తుంది: ఎస్ఎన్ఎఫ్, అంటే పాలలో కొవ్వు పోగా మిగిలిన గట్టి పదార్థం. దీన్ని విడిగా కొలవరు, లెక్క కడతారు. హెన్రీ రిచ్మండ్ అనే ఇంగ్లీషు రసాయనశాస్త్రజ్ఞుడి పేరున్న సూత్రం అది. డిగ్రీని నాలుగుతో భాగించి, ఫ్యాటులో అయిదోవంతు కలిపి, ఆ పైన 0.14 కలపాలి. 15.5 డిగ్రీల చలిలో సరిపడేలా చేసిన లాక్టోమీటరుకు అది. మన ఎండలకు తగినట్టు 27 డిగ్రీల దగ్గర సరిచేసిన లాక్టోమీటరుకు సూత్రం మారుతుంది: ఫ్యాటులో నాలుగోవంతు, పైన 0.44.

ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం. డిగ్రీ 28, ఫ్యాటు 4.0. మొదటి సూత్రంతో ఎస్ఎన్ఎఫ్ 7.94. రెండో దానితో 8.44. ఆవుపాలకు ఆహార భద్రతా సంస్థ పెట్టిన కనీసపు గీత 8.3. అంటే 28 అన్న అంకె పక్కన అది ఏ లాక్టోమీటరు చెప్పిన 28 అన్నది రాయకపోతే, అవే పాలు ఒక పుస్తకంలో నాసిరకం, ఇంకో పుస్తకంలో మేలురకం. డేటా పంచుకోవడంలో కష్టమేమిటని ఎవరైనా అడిగితే నేను సర్వర్ల గురించీ సాఫ్ట్‌వేర్ల గురించీ చెప్పను, ఈ లెక్క చెబుతాను. అంకె ఒక్కటే ప్రయాణం చేస్తే చాలదు. అది పుట్టిన గది, గదిలోని వేడి, చేతిలోని సామాను కూడా దానితో పోవాలి. డైరీ గదిలో అవన్నీ ఒకేచోట ఉంటాయి గనుక ఎవరూ రాయనక్కరలేదు. గది దాటిన క్షణం నుంచే రాయవలసి వస్తుంది, రాయడం మరుస్తారు.

ఇప్పుడు బుడ్లు లేవు, ఆమ్లం లేదు. శబ్దతరంగాలతో పాలను చదివే మిషను నిమిషం తిరక్కుండానే ఫ్యాటు, ఎస్ఎన్ఎఫ్, కలిసిన నీరు అన్నీ చెప్పేస్తుంది. తూకం దానంతటదే ఎక్కుతుంది, చీటీ బయటికొస్తుంది. చేతులు కాలవు, కళ్లు పోవు. ఇది మేలే, సందేహం లేదు. ఒక్కటి మాత్రం పోయింది. పసుపు గీతను పక్కనున్న మనిషి కూడా చూడగలిగేది. "అన్నా, ఇంకోసారి చూడన్నా" అని అడగగలిగేది. మిషను లోపల ఏం జరిగిందో ఎవరికీ కనపడదు. పూటపూటా కడగకపోతే, ఎప్పటికప్పుడు గెర్బర్ బుడ్డితో సరిచూడకపోతే, అది నిబ్బరంగా తప్పు చెబుతూ పోతుంది. అందుకే మంచి సెక్రెట్రీలు పాత సామానును అటక మీద ఉంచుకుంటారు, పారేయరు.

చీటీ మీద సభ్యురాలి నంబరు, లీటర్లు, ఫ్యాటు, ఎస్ఎన్ఎఫ్, రేటు, మొత్తం. అక్షరాలు కన్నడం, ఇంగ్లీషు. తీసుకునే ఆమెకు తెలుగు తప్ప చదువు రాకపోవచ్చు, అసలు చదువే రాకపోవచ్చు. కానీ ఏ అంకె ఎక్కడుండాలో ఆమెకు తెలుసు. నిన్న 4.2 ఉన్నది ఇవాళ 3.8 అయితే చీటీ మడవకుండానే నిలబడి అడుగుతుంది. జవాబు చెప్పాల్సిందే. ఎందుకంటే వెనక వరస అంతా వింటోంది.

ఈ అంకెకు బలం ఎక్కడిదంటే, అది తిరిగి వస్తుంది. వారానికో పదిహేను రోజులకో బటవాడా రూపంలో. గుజరాత్‌లో 1946లో కైరా జిల్లా రైతులు మొదలుపెట్టిన పద్ధతి ఇదే. పాలను కొలిచి, నాణ్యతను బట్టి, చెప్పిన రోజుకు డబ్బు ఇవ్వడం. కర్ణాటకలో 1974లో ప్రపంచబ్యాంకు సాయంతో పుట్టిన సంస్థే తర్వాత పాల సమాఖ్యగా మారి 'నందిని' అయింది. 2008లో రాష్ట్ర ప్రభుత్వం లీటరుకు రెండు రూపాయల ప్రోత్సాహకం మొదలుపెట్టి, తర్వాత దాన్ని అయిదు చేసింది. ముళబాగిలు పల్లెలో గరిటె తిప్పి తీసిన నమూనా, బెంగళూరు ఖజానాను కదిలించి, మళ్లీ అదే పల్లెలోని బ్యాంకు ఖాతాకు చేరుతుంది. ఒక చీటీ మాటను అంత దూరం నమ్మడం మామూలు విషయం కాదు.

సంఘం నుంచి పాలు పైకి పోయే దారిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది చల్లార్చే కేంద్రంలోని అరుగు. సంఘాల నంబర్లు రాసిన క్యాన్లు వరసగా దిగుతుంటాయి. ఒక మనిషి ప్రతి మూతా ఎత్తి, మొహం దగ్గరికి తెచ్చి, వాసన చూసి, తల ఊపుతాడు. రెండు సెకన్లు. ఊపితే క్యాను లోపలికి, ఊపకపోతే పక్కకు. పక్కకు పెట్టినదాన్ని పరీక్షనాళికలో కాచి చూస్తారు. విరిగితే ఆ సంఘానికి ఆ క్యాను ధర పడిపోతుంది. పాలలో సూక్ష్మజీవులు ఎంత పెరిగాయో చెప్పే నీలిరంగు పరీక్ష ఇంకొకటి ఉంది. రంగు ఎన్ని గంటల్లో పోయిందో చూస్తారు, గంటలు ఎక్కువైతే పాలు మంచివి. కానీ ఆ పరీక్ష తేలేలోపు పాలు ట్యాంకులోకి, అక్కణ్నుంచి లారీలోకి పోతాయి. లారీ ఆగని చోట ముక్కే న్యాయాధికారి. మూతలో చేరిన వాసన పాలలోని వాసన కంటే చిక్కగా ఉంటుందట, అందుకే పాలు కాదు, మూత వాసన చూస్తారు. ఈ మనిషి తీర్పు ఏ కంప్యూటరులోకి ఎక్కదు. ఎక్కేది 'మంచి', 'పులుపు' అన్న ఒక్క మాట. ఎందుకు పక్కకు పెట్టాడో, ఏం పసిగట్టాడో, గడ్డి వాసనా, పొగ వాసనా, కడగని క్యాను వాసనా, అదంతా ఆ ముక్కుతోనే ఇంటికి పోతుంది.

ఇంతవరకూ మెచ్చుకున్నాను. ఇక గొలుసు ఎక్కడ తెగుతుందో చెప్పాలి.

మొదటి తెంపు పేర్లలో ఉంది. డైరీ పుస్తకంలో సభ్యురాలికి ఒక నంబరు. ఆవు చెవికి పసుపు బిళ్ల మీద పన్నెండు అంకెల ఇంకో నంబరు, టీకాలు, సూదిమందు, ఈత వివరాలు దాని కింద. భూమికీ రైతుకూ కర్ణాటక ప్రభుత్వపు జాబితాలో మూడో నంబరు. మూడూ ఒకే ఇంటివి. మూడింటికీ ఒకదాని మొహం ఒకటి తెలియదు. ఎందుకంటే పాలు పోసేది ఇల్లు, బిళ్ల వేసేది ఆవుకు, భూమి పహాణీ ఉండేది మగవాడి పేరున, చాలాసార్లు పోయిన మామగారి పేరున. మూడు సీమావుల పాలు ఒకే క్యానులో కలిశాక ఏ ఆవు పాలు ఎన్ని అన్నది వాకిట్లోనే మాయమైంది. ఏ ఆవుకు పొదుగువాపు మందు వేశారో ఇంటామెకు తెలుసు, పశువైద్యుడికి తెలుసు. డైరీకి తెలియదు. మందు వేసిన కొన్ని రోజులు ఆ ఆవు పాలు పోయకూడదు. కానీ ఆపితే ఆ రోజుల డబ్బు ఎవరిస్తారు? నిజం చెప్పినవాళ్లకు నష్టం, చెప్పనివాళ్లకు ఏమీ కాదు అన్న చోట సమాచారం ఎందుకు కదులుతుంది?

రెండో తెంపు ఎవరూ అడగని ప్రశ్నల్లో ఉంది. 2018లో ఆహార భద్రతా సంస్థ దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షింపజేసింది. జనం భయపడిన కల్తీ 12 నమూనాల్లోనే దొరికింది. దానికంటే ఎంతో ఎక్కువగా, 5.7 శాతం నమూనాల్లో, పరిమితికి మించిన అఫ్లటాక్సిన్ ఎం1 దొరికింది. అది ఎవరూ కలిపింది కాదు. తేమ తగిలి బూజుపట్టిన దాణాలోంచి, ఆవు కడుపులోంచి పాలలోకి వస్తుంది. పరిమితి కిలోకు అర మైక్రోగ్రాము. ఏ ముక్కుకూ తగలదు, ఏ లాక్టోమీటరూ మునగదు. దాన్ని పట్టాలంటే పాలతోబాటు బూసా బస్తా చరిత్ర కూడా రావాలి: ఏ కొట్టులో కొన్నది, ఎన్ని రోజులు తడి గోడకు ఆనించి పెట్టింది. అది ఎవరి పుస్తకంలోనూ లేదు. మన చీటీ నీళ్ల దొంగతనం పట్టడానికి పుట్టింది. ఆ పని అద్భుతంగా చేస్తుంది. దాన్ని అడగనిదానికి అది జవాబు చెప్పదు.

పాలను వదిలి టమాటా దగ్గరికి వద్దాం. ఇక్కడా పనితనానికి కొరత లేదు. కోలారు మార్కెట్టు ఆసియాలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. సీజన్‌లో తెల్లవారకముందే వచ్చి చూడాలి. పదిహేను కిలోల ప్లాస్టిక్ బాక్సులు గోడల్లా లేస్తాయి. ఒక్కో మండీ తన అక్షరాలు బాక్సుల మీద రంగుతో వేసుకుంటుంది. పాట మొదలైతే వేలంవేసే మనిషి ఒక బాక్సులో చెయ్యి పెట్టి, రెండు కాయలు తిప్పి, మొత్తం కుప్పకు ధర పలుకుతాడు. తొడిమ దగ్గర పచ్చదనం ఎంత ఉందో చూసి ఢిల్లీదాకా ఆగుతుందా, చెన్నైదాకానా అన్నది చెప్పేస్తాడు. గెర్బర్ బుడ్డికి ఇది ఏమాత్రం తీసిపోని చదువు.

కానీ ఆ చదువు ఆయన ఆస్తి. రాసిస్తే పోతుంది. పాట అయ్యాక వ్యాపారి మనుషులు బాక్సులు కుమ్మరిస్తారు, కాయల్ని సైజునుబట్టి, రంగునుబట్టి మళ్లీ ఏరతారు, మళ్లీ నింపుతారు. పది పొలాల కాయ ఒక బాక్సులో. అక్కడితో రైతు పేరు చెరిగిపోతుంది. ఇది ఎవరి కుట్రా కాదు. దూరం పోవాలంటే ఒకే ముదురు కాయ ఒకేచోట ఉండాలి, దాన్ని చేర్చే పని పేర్లను చెరుపుతుంది. కర్ణాటక 2014లో మార్కెట్లను కంప్యూటరుతో కలిపే సంస్థ పెట్టింది, 2016 ఏప్రిల్ 14న కేంద్రం దేశమంతటికీ అలాంటిదే ఈ-నామ్ తెచ్చింది. రెండూ ధరను బయటపెట్టగలవు. ఎవరి పొలం అన్నదాన్ని కుమ్మరించే నేల మీద నిలబెట్టలేవు. ఆ ధర కూడా అంత తేలిగ్గా కలవదు. కోలారులో పదిహేను కిలోల బాక్సుకు, నాసిక్ వైపు పింపళగావ్‌లో ఇరవై కిలోల క్రేటుకు. రెండు పత్రికల్లో రెండు ధరలు చదివి తాను మోసపోయానని బాధపడిన రైతును నేను చూశాను. క్రేటు బరువు అడిగితే నవ్వేశాడు.

2023 జులై గుర్తుండే ఉంటుంది. బాక్సు రెండు వేలు దాటిన రోజులు. ఆ నెలలోనే కోలారు నుంచి జైపూర్‌కు బయలుదేరిన, సుమారు 21 లక్షల రూపాయల టమాటా లారీ దారిలో కనపడకుండా పోయింది. డ్రైవరు గుజరాత్‌లో సరుకు అమ్మేశాడని తర్వాత బయటపడింది. సరుకు ఎక్కడుందో పంపినవాడికీ, కొన్నవాడికీ తెలియని ఆ కొద్ది రోజులు ఈ గొలుసు అసలు స్వరూపాన్ని చూపించాయి. ఫోన్ మీద నడిచే నమ్మకం అది. ఫోన్ ఆగితే ఏమీ లేదు.

మా జిల్లాలోనే ఉన్న శ్రీనివాసపురం మామిడి కథ ఇంకా చిత్రమైనది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ తన తోతాపురి రైతులకు కిలోకు 12 రూపాయలు దక్కేలా ఏర్పాటు చేసింది: గుజ్జు ఫ్యాక్టరీలు ఎనిమిది, ప్రభుత్వం నాలుగు. ఆ నాలుగు పక్క రాష్ట్రం కాయకు పోకూడదు కదా. చిత్తూరు జిల్లా సరిహద్దులో కర్ణాటక తోతాపురిని ఆపారు. శ్రీనివాసపురంలో బంద్ జరిగింది, ఒక ముఖ్యమంత్రి ఇంకో ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. విషయం ఏమిటంటే, రెండు వైపులా కాయ ఒకటే, మట్టి ఒకటే, కోసేవాళ్ల మాట కూడా ఒకటే తెలుగు. చిత్తూరు వైపు ఆ కాయను పిలిచే పేరే 'బెంగుళూర'. కాయను చూసి ఊరు చెప్పడం ఎవరి తరమూ కాదు. ఊరునుబట్టి డబ్బు ఇస్తామన్నప్పుడు కాయతో ఊరి పేరు వచ్చే ఏర్పాటు అంత గట్టిగా లేకపోయింది. ఉన్నది చెక్‌పోస్టు. సమాచారం చేయవలసిన పనిని అడ్డకర్ర చేసింది.

అలాంటి ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. విదేశాలకు పోయే మామిడికి తోటను నమోదు చేసే పద్ధతి ఉంది. ద్రాక్షలో మందు అవశేషాల గొడవ తర్వాత పుట్టిన వ్యవస్థకు తమ్ముడు అది. 2014 మేలో యూరప్ ఈగ పురుగు పేరు చెప్పి మన మామిడిని ఆపి, 2015 మొదట్లో మళ్లీ తెరిచింది. బయటివాడు తలుపు మూసినప్పుడు మనకు కాయ చరిత్ర రాయడం వచ్చింది. అమెరికాలో వాల్‌మార్ట్ ఒకసారి తన దుకాణంలోని మామిడి ముక్కల పొట్లం ఏ తోటదో కనుక్కోమంటే ఆరు రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. ఐబీఎంతో కలిసి బ్లాక్‌చెయిన్ పెట్టాక 2.2 సెకన్లు. ఈ కథను సభల్లో తెగ చెబుతారు. అదే ఐబీఎం, ఓడల కంపెనీ మెర్స్క్‌తో కలిసి ఓడ సరుకులకు పెట్టిన ట్రేడ్‌లెన్స్ మాత్రం పోటీదారులు మనసారా చేతులు కలపక 2022 నవంబరులో మూసివేత ప్రకటించింది. మొదటి కథలో అడిగినవాడు కొనేవాడు, కాదనలేరు. రెండోదానిలో అడిగినవాడు పోటీదారు. యంత్రం రెండింటిలోనూ బాగానే పనిచేసింది.

నీళ్ల మాట చెప్పకుండా కోలారు గురించి రాయడం కుదరదు. శాశ్వతంగా పారే నది లేని జిల్లా. బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయిన జిల్లా. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి మా చెరువుల్లోకి పంపుతున్నారు. ఎండిన చెరువులు నిండాయి, బోర్లలో నీళ్లు లేచాయి. ఆ శుద్ధి రెండో దశదాకే కదా, మూడో దశ కూడా చేయాలి కదా అన్న పోరాటం కోర్టులదాకా పోయింది. చెరువు నీటి పరీక్షల కాగితం ఒకచోట, ఆ చెరువు కింద మేసిన ఆవు పాల చీటీ ఇంకోచోట, ఆ ఆయకట్టు టమాటా బాక్సు మరోచోట. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసే బల్ల ఎక్కడుంది? అలా పెడితే భయమే మిగులుతుందని, ధర పడిపోతుందని రైతులు అంటారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. ఒక ఊరి నీళ్ల గురించి పుకారు పుడితే ఆ ఊరి కూర మార్కెట్టులో ఏమవుతుందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. చెప్పినందుకు తన వాటా తనకు తిరిగొస్తుందన్న నమ్మకం పాల చీటీకి ఉంది. నీళ్ల కాగితానికి ఇంకా లేదు.

మళ్లీ ఆ డైరీ గదికే పోయాను, పెద్దాయనకు చెప్పి వెళ్దామని. సాయంత్రం పూట ఇంకా మొదలు కాలేదు. తలుపు పక్కన చిన్న నల్లబల్ల ఒకటి ఉంది, పొద్దున గమనించలేదు. సున్నపు చాక్‌పీసుతో రెండు వరసలు. పై వరసలో నిన్న ఊళ్లో పోసిన పాలన్నిటి సగటు ఫ్యాటు. కింది వరసలో, అవే పాలను చల్లార్చే కేంద్రంలో చూస్తే వచ్చిన ఫ్యాటు. రెండూ ఎన్నడూ సరిగ్గా కలవవు. పైది ఎక్కువై కిందది తక్కువైతే సంఘానికి నష్టం, తిరగబడితే లాభం. కేంద్రం నుంచి వచ్చే కాగితం సెక్రెట్రీ ఫైలులో ఉంటే చాలు, బల్ల మీద రాయాలని ఎక్కడా లేదు. ఈ అలవాటు ఎవరు పెట్టారని అడిగాను.

"నేనే పెడితిని. ఒకసారి తేడా వస్తే అందరూ నన్నే చూసినారు. అప్పట్నుంచి పని మానేదాకా రోజూ రాసినా."

ఇప్పుడు కొత్త సెక్రెట్రీ కూడా రాస్తున్నాడు. ఆ రోజు పైన 4.1, కింద 4.0. వరసలో మొదట నిలబడ్డ ఆమె క్యాను కింద పెట్టి, బల్ల వైపు చూసి, వెనకామెతో ఏదో అంది. ఇద్దరూ సెక్రెట్రీ గరిటె వైపు చూశారు. ఆయన ఇంకోసారి కలియబెట్టి నమూనా తీశాడు.